మా తమ్ముడి సిక్ లీవూ, మా ఊరి ప్రార్థనలూ

విమానం మెట్టు కూడా ఎక్కకుండా ఒక పైలట్‌ని ఆకాశం మీంచి నేల మీదికి దించేసిన ఘనత నాది. ఆ పైలట్ నా సొంత తమ్ముడు కావడం, వాడు దిగినచోటు పెదపాడు పక్కన మా అమ్మ ఇంటి వరండా కావడం వాడి ఖర్మ. ఆ కథ చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజున మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. వచ్చింది ఒక్క కంపెనీ మనిషికే. అతను నవ్వాడో ఏడ్చాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. చవక టిక్కెట్ల విమానాలు కొత్తగా వచ్చాయి. ఏలూరు బస్టాండులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకునే మనుషులు కూడా విమానంలో కిటికీ సీటు గొప్పా, నడవ పక్క సీటు గొప్పా అని వాదించుకునే రోజులు. అలాంటి రోజుల్లో మా తమ్ముడు విక్టర్ ప్రసాద్, ఇంట్లో బాబీ, ఒక ప్రైవేటు విమాన కంపెనీలో పైలట్. ఊళ్లో మా అమ్మ నడక మారిపోయింది. మిషన్ స్కూల్లో పాతికేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆకాశంలో ఏ విమానం చప్పుడైనా సరే తల పైకెత్తి, "మావాడే అనుకుంటా, ఇంకా అన్నం తిన్నట్టు లేడు" అనేది.

ఇక నేను. ఏలూరులో లా చదివాను. కొన్నాళ్లు కోర్టుకి వెళ్లాను. జడ్జిగారు కూర్చోమనడం, నేను కూర్చోకపోవడం ఎక్కువైపోయి, తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో కార్మిక చట్టాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. క్లాసులో ఎదురు వాదించేవాళ్లు ఉండరు కదా, వాదన నాలో పేరుకుపోయి, సాయంత్రం వంకాయలమ్మి మీదా, రిక్షా అతని మీదా, మా ఆయన మీదా విరుచుకుపడేది. ఆయన మాత్రం "అవునవును" అంటూ పేపరు తిరగేసేవారు. అంతకంటే అన్యాయం ఇంకేముంటుంది చెప్పండి?

అలాంటి నాకు ఒకరోజు, నేను అమ్మ దగ్గరికి వచ్చి ఉండగా, బాబీ ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశాడు. కంపెనీవాళ్లు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టమంటున్నారట. విశ్రాంతి గంటలు తగ్గాయి. పైలట్ మానేయాలంటే నెలల తరబడి నోటీసివ్వాలి, కంపెనీ తీసేయాలంటే మాత్రం ఒక్క పూట చాలు. ఇదేం న్యాయమని ఇద్దరు పెద్ద కెప్టెన్లు పైలట్ల అసోసియేషన్ పెడితే, ఆ ఇద్దర్నీ అదే పూటలో తీసేశారు.

"అసలు మాకు అసోసియేషన్ పెట్టుకునే హక్కే లేదంటున్నారక్కా. మేం కార్మికులం కాదంట. ఇంత జీతం తీసుకునేవాళ్లు మేనేజ్‌మెంటు కిందికే వస్తారంట."

నా ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్లకు నా చదువుకు గిరాకీ!

"ప్రశ్న జీతం గురించి కాదురా, చేసే పని గురించి. నువ్వెవర్నైనా ఉద్యోగంలోంచి తీసేయగలవా?"

"నన్నెప్పుడు తీసేస్తారో అని చస్తున్నాను."

"ఎవరికైనా సెలవు ఇవ్వగలవా?"

"నాకే దొరకదు."

"అయితే నువ్వు కార్మికుడివే. పో, ధైర్యంగా ఉండు!"

వరండాలో బియ్యం ఏరుకుంటున్న మా అమ్మ చేట పక్కన పడేసింది. "ఏమే, నేను వాణ్ణి పైలట్‌ని చేస్తే నువ్వు కూలివాణ్ణి చేస్తావేంటే?"

"అది చట్టంలో చాలా గౌరవమైన మాటమ్మా."

"అంత గౌరవమైతే నువ్వే ఉంచుకో!"

విమానాలంటే ప్రజలకు అత్యవసరమైన సేవ కిందికి వస్తాయి. ముందుగా నోటీసివ్వకుండా సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. నోటీసిచ్చి కూర్చుంటే ఈలోగా మిగతావాళ్లనీ ఏరిపారేస్తారు. అందుకని పైలట్లందరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. ఒకే రోజున అందరికీ ఒంట్లో బాగోలేదు. ఆ ఇద్దర్నీ మళ్లీ తీసుకునేదాకా బాగవదు. ఎవరి డాక్టర్ సర్టిఫికెట్ వాళ్లు పంపేసి, ఎవరిళ్లకి వాళ్లు చేరుకోవడం. ఒక్కడు లొంగిపోయి విమానం ఎక్కినా మొత్తం కట్టు తెగిపోతుంది. అంతటి గట్టి ఒట్టు.

బాబీ రైలు దిగి ఇంటికొచ్చాడు. వాణ్ణి చూడ్డానికి నేనూ గూడెం నుంచి పాసింజరెక్కి వచ్చాను. చూద్దును కదా, జబ్బుకే జబ్బు చేసేలా ఉన్నాడు. బుగ్గలు నిగనిగ. అమ్మ కొర్రమీను పులుసు పెడుతుంటే గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాడు. అంతలో డాబా మీద, సిగ్నల్ అందే ఒకే ఒక మూల నుంచుని ఫోన్ మాట్లాడి, మొహం వేలాడేసుకుని దిగొచ్చాడు.

"కంపెనీవాళ్లు పరామర్శ పేరుతో ఇళ్లకి మనుషుల్ని పంపుతున్నారంటక్కా. జబ్బు అబద్ధమని తేలినవాళ్లకి ఉద్యోగం పోయినట్టే."

"సర్టిఫికెట్ పంపావుగా?"

"అందరూ పంపారుగా! అందుకే నమ్మట్లేదు."

ఇదిగో, నా నోరు ఇక్కడ తెరుచుకుంది. మీరెవరైనా పక్కనుండి దానికి ఒక అరటిపండు అడ్డం పెట్టి ఉంటే బాగుండేది.

"ఒరేయ్, కాగితం కంటే మనుషుల సాక్ష్యం గట్టిది. నీకు బాగోలేదని ఊరు ఊరంతా చెప్పాలి. ఆ సంగతి నాకొదిలెయ్."

మర్నాడు ఆదివారం. మా చర్చిలో ఆరాధన ముగిసేముందు ఎవరికైనా ప్రార్థన అంశాలుంటే లేచి చెప్పమంటారు. పరీక్షలు, గేదె ఈత, దుబాయ్ వీసా, ఏదైనా సరే, దాచుకోకుండా చెబుతారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. నేను ఆడవాళ్లవైపు నుంచి కొంగు తలమీదికి లాక్కుని లేచాను.

"మా తమ్ముడికి ఒంట్లో బాగోలేదండీ. మంచం పట్టాడండీ." అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! "జబ్బేంటో పెద్దపెద్ద డాక్టర్లకే అంతుపట్టట్లేదండీ."

చర్చంతా ఒక్కసారి "అయ్యో" అంది. పక్కనున్న మా అమ్మ మోచేత్తో నా డొక్కలో ఒక్కటిచ్చింది.

"దేవుని మందిరంలో నిలబడి అబద్ధం చెప్తావే?"

"అబద్ధం కాదమ్మా, వ్యూహం."

"చిన్నప్పుడు నీ వ్యూహాలకి బెత్తం ఉండేది ఇంట్లో," అంది అమ్మ, బైబిలు మూస్తూ.

మా ఊరివాళ్ల సంగతి నాకు తెలియనిది కాదు. పరాయి కష్టాన్ని విని ఇంటికెళ్లి అన్నం తినగలిగే మనుషులు కాదు వాళ్లు. ఆ సంగతి మరిచిపోవడమే నా అసలు పొరపాటు. మధ్యాహ్నానికి మా ఇంటిముందు చెప్పులు గుట్టపడ్డాయి. వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ రొట్టె. రోగి ఇంటికి బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకెళ్లకపోతే మనవైపు పరామర్శ కింద లెక్కే కాదు కదా! మా వంటింటి బల్ల మీద బ్రెడ్డు, బియ్యం డ్రమ్ము మీద బ్రెడ్డు, ఆఖరికి టీవీ మీద బ్రెడ్డు. బాబీ మాత్రం మండువేసవిలో మెడదాకా దుప్పటి కప్పుకుని, చెమటతో కారిపోతూ పడుకున్నాడు. ఆ చెమట చూసి వచ్చినవాళ్లు ఇంకా ఏడ్చారు.

సంతోషమ్మగారని, చేపల చెరువుల దగ్గర చేపలు ఏరి పెట్టెల్లో ఐసు వేసి సర్దే పనికి వెళ్లే పెద్దావిడ. బాబీని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పింది. ఆవిడ వాడి నుదుటి మీద చెయ్యేసింది.

"ఒళ్లు చల్లగానే ఉందే అమ్మాయ్!"

"లోపలి జ్వరమండీ," అన్నాను.

"ఓరి నాయనో, లోపలిదే! అది మరీ ప్రమాదం!" అని ఆవిడ అక్కడే మోకరించింది.

అందరూ వెళ్లాక బాబీ లేచి కూర్చుని, "అక్కా, కంపెనీవాడెప్పుడొస్తాడో తెలీదు గానీ, నువ్వు మాత్రం నన్ను ముందే చంపేసేలా ఉన్నావు" అన్నాడు. జనం ముందు జావ తప్ప ఇంకేమీ తినే వీల్లేకపోయింది మరి. వాడి కళ్లముందే వాడి వాటా పులుసు పరామర్శకొచ్చినవాళ్లకి వడ్డించాం.

మర్నాడు నాకు కాలేజీ ఉంది. "కదలకుండా పడుకో, మూలగడం మర్చిపోకు" అని చెప్పి గూడెం వెళ్లిపోయాను. నేను అటు వెళ్లగానే, దుప్పటిలో ఉడికి ఉడికి విసిగిపోయిన బాబీ, దొడ్డి గుమ్మంలోంచి చెరువుగట్టు మీదికి పారిపోయాడు. అక్కడ చేపల పట్టుబడి జరుగుతోంది. నీళ్లలో వల, గట్టు మీద లారీ, ఐసు, అరుపులు. కొల్లేటి గాలి తగిలేసరికి వాడికి వయసు సగమైంది. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలోకి దిగి, వల పట్టుకుని లాగుతూ పాటందుకున్నాడు.

గట్టు మీద బొచ్చె చేపలు ఏరుతున్న సంతోషమ్మగారు తలెత్తి చూసింది. మంచం పట్టిన బిడ్డ! డాక్టర్లకే అంతుపట్టని జబ్బు! వల లాగుతున్నాడు!

మీరూ నేనూ అయితే ఏమనుకుంటాం? "దొంగవెధవ, నాటకాలాడాడు" అనుకుంటాం. ఆవిడకు ఆ ఆలోచనే రాలేదు. చేతిలో చేప చేతిలోనే ఉండగా ఊరివైపు పరుగెత్తింది. "స్వస్థపరిచాడర్రా! మన బాబీని దేవుడు స్వస్థపరిచాడు!"

సాయంత్రం నేను బస్సు దిగేసరికి మా ఇంటిముందు షామియానా వేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు వరసలు కట్టాయి. వేపచెట్టుకి మైకు గొట్టం, రోడ్డువైపు తిప్పి మరీ కట్టారు. దొడ్లో పెద్ద డేగిశాలో చేపల పులుసు ఉడుకుతోంది. కృతజ్ఞతా కూడిక!

"అమ్మా, ఏంటిది? ఆపించెయ్!"

"ఏమని ఆపించను? దేవుడికి థాంక్స్ చెప్పొద్దని చెప్పనా? లేకపోతే నా కూతురు అబద్ధాలకోరని చెప్పనా? అదుగో మైకు, నువ్వే చెప్పుకో."

నేను మైకువైపు ఒకడుగు వేశానో లేదో, గేటు దగ్గర ఆటో ఆగింది. మెళ్లో టై, చంకలో బ్యాగు, చేతిలో ఆపిల్ పళ్ల బుట్టతో ఒక బక్కపల్చటి మనిషి దిగాడు.

"నమస్కారమండీ. విక్టర్ ప్రసాద్ గారిల్లు ఇదేనాండీ? నా పేరు కరీమండీ. మాది ఉండి అనే ఊరండీ. కెప్టెన్‌గారికి ఒంట్లో ఎలా ఉందో చూసి రమ్మని కంపెనీవాళ్లు పంపారండీ."

సరిగ్గా అప్పుడే మైకులోంచి సంతోషమ్మగారి సాక్ష్యం, ఊరు దాటి పొలాలదాకా వినిపించేలా:

"నిన్న దుప్పట్లో చుట్టుకుని పడున్న బిడ్డండీ! ఇవాళ పొద్దున్న మా చెరువులో మగాళ్లని మించి వల లాగాడండీ!"

"స్తోత్రం!" అంది షామియానా.

నేను గేటుకి అడ్డంగా చేతులు చాపి నుంచున్నాను. "ఏ అధికారంతో వచ్చారు మీరు? రోగి ఆరోగ్యం అతని సొంత విషయం. బయటివాళ్లకి చెప్పాల్సిన పని లేదు. చట్టం తెలుసా మీకు?"

"మైకులో చెబుతున్నారు కదండీ," అన్నాడు కరీం, ఎంతో మర్యాదగా.

నేను వెంటనే దారి మార్చాను. వాదించడం తెలిసినవాళ్లకు ఉన్న రోగమే అది, ఆగడం తెలియదు. "విన్నారుగా! మంచిది. తగ్గిందంటే అర్థమేంటి? అంతకుముందు జబ్బు ఉందనేగా! ఇంతమంది సాక్షులున్నారు. ఇప్పుడు చెప్పమనండి మీ కంపెనీని, మా తమ్ముడిది దొంగ జబ్బని!"

"ఆయ్, నిజమేనండీ," అన్నాడు. "అయితే పూర్తిగా తగ్గిపోయినట్టేనాండీ?"

"పూర్తిగా! వంద శాతం!"

"సంతోషమండీ. మరైతే రేపు డ్యూటీకి వచ్చేస్తారాండీ? ఒంట్లో బాగున్నవాళ్లని వెంటబెట్టుకుని రమ్మన్నారండీ."

జబ్బుందంటే మైకు ఒప్పుకోదు. జబ్బు లేనేలేదంటే ఉద్యోగం పోతుంది. తగ్గిందంటే రేపు విమానమెక్కాలి. ఎక్కితే ఆ ఇద్దరు కెప్టెన్లని నట్టేట ముంచినవాడు, తోటివాళ్ల ఒట్టు తెంపినవాడు మా బాబీయే అవుతాడు. అన్ని తలుపులూ నేనే మూసి, గొళ్లెం కూడా నేనే పెట్టాను.

బాబీ నా వెనకే నుంచుని అంతా విన్నాడు. నావైపు ఒక చూపు చూశాడు. చిన్నప్పుడు వాడి గాలిపటం నేను "బాగుచేసి" ఇచ్చినప్పుడు అచ్చం ఇలాగే చూశాడు. తర్వాత తిన్నగా వెళ్లి సంతోషమ్మగారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"అందరికీ వందనాలండీ. నాకు జబ్బేమీ లేదండీ. రాలేదండీ. మాలో ఇద్దరు పెద్దవాళ్లు, మాకు సరిపడా నిద్ర కావాలని అడిగారండీ. నిద్రలేకుండా విమానం నడిపితే వెనకాల కూర్చున్నవాళ్ల ప్రాణాలకి దిక్కెవరని అడిగారండీ. అడిగినందుకు తీసేశారు. వాళ్లని వదిలేసి నేను ఎక్కలేక ఇంటికొచ్చానండీ. మిమ్మల్ని ఏడిపించాను. క్షమించండి."

పులుసు ఉడుకుతున్న చప్పుడు కూడా మైకులో వినిపించింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. నేను షామియానా గుంజ వెనక్కి, వీలైనంత సన్నగా, సర్దుకున్నాను.

ముందుగా తేరుకున్నది సంతోషమ్మగారే. "జబ్బు లేదా? మరి నా బ్రెడ్డో?"

"తినేశానండీ," అన్నాడు బాబీ.

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మెల్లగా లేచారు. పొట్టి మనిషి, గట్టిగా మాట్లాడడం ఎరగరు. నావైపు చూడనైనా చూడలేదు. చూసి ఉంటేనే నయంగా ఉండేది. కళ్లజోడు తుడుచుకుని, "సరే, ప్రార్థన అంశం సరిచేసుకుందాం. ఆ ఇద్దరి పేర్లేంటి నాయనా?" అని అడిగారు.

బాబీ పేర్లు చెప్పాడు. ఉత్తరాది పేర్లు. సంతోషమ్మగారికి నోరు తిరగలేదు. "ప్రభువా, ఆ పెద్దబాబునీ చిన్నబాబునీ పనిలో పెట్టించు తండ్రీ. మాకూ ఎండలో కాస్త నీడపట్టున కూర్చోమని చెప్పే మేస్త్రీ లేడు, ఆ బాధ మాకు తెలుసు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ ఏడిస్తే మిగతా ఆడవాళ్లు ఊరుకుంటారా? ఊరంతా కలిసి, ఎన్నడూ చూడని ఇద్దరు కెప్టెన్ల కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. నా క్లాసులో కార్మికుల ఐక్యత గురించి అన్నేళ్లు చెప్పాను, ఏ ఒక్క పిల్లకీ కళ్లు చెమర్చలేదు.

ప్రార్థన అయ్యాక వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. టై కట్టుకున్నాయన చెయ్యి.

"అయ్యగారూ, నేను నమాజు చేసుకునేవాణ్ణండీ. అయినా ఒకటి అడగొచ్చాండీ?"

"అడుగు నాయనా."

"నాది కాంట్రాక్టు ఉద్యోగమండీ. ఏడాదికోసారి తీసేసి మళ్లీ పెడతారండీ. పైలట్లకైతే అసోసియేషన్ ఉంది, మాకు అదీ లేదండీ. కాస్త నాగ్గూడా..." అంటూ కళ్లు దించేసుకున్నాడు. ఇందాక చెప్పానే, నవ్వో ఏడుపో తెలియలేదని, అది ఇక్కడే.

అతని కోసమూ ప్రార్థించారు. తర్వాత పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టారు. నేను మాత్రం ఇంకా ఊరుకోలేదు. విస్తరి దగ్గర నిలబడి, "చూడండి కరీంగారూ, మీరు ఇక్కడ విన్నది చట్టప్రకారం..." అని మొదలుపెట్టాను.

"నువ్వు నోరు మూసుకుని ఆయనకి ముక్కలు వడ్డించు," అంది అమ్మ.

"మేడమ్‌గారూ, అబద్ధం రాయలేనండీ, పిల్లలు గలవాణ్ణి," అన్నాడు కరీం ముల్లు తీసుకుంటూ. "నిజం మొత్తం రాయమని కూడా ఎవరూ అనలేదండీ. కళ్లతో చూసినవరకూ రాస్తాను."

కరీం వెళ్లిపోయాడు. ఆ పైన ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. బాబీ రెండు రోజులపాటు డాబా మీద సిగ్నల్ మూల పట్టుకుని, ఉద్యోగం పోయిందన్న కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

కబురు రాలేదు. వ్యాను వచ్చింది. అందులోంచి ఇద్దరు మనుషులు తలలు వంచుకుని దిగి, తెల్లపూలతో చేసిన బండిచక్రమంత పూలచక్రాన్ని వరండాలో బాబీ చేతికే ఇచ్చారు. మీద రిబ్బను. దాని మీద బంగారు అక్షరాల్లో కంపెనీ పేరు, కింద "కెప్టెన్ విక్టర్ ప్రసాద్ కుటుంబానికి ప్రగాఢ సానుభూతితో".

"కుటుంబంలో మీరేమవుతారు సార్?" అని అడిగాడు వ్యాను అతను, జాలిగా.

"నేనే ఆయన్ని," అన్నాడు బాబీ.

వాళ్లిద్దరూ వ్యాను ఎక్కడం నేను చూడలేదు. అప్పటికే వ్యాను మలుపు తిరిగింది.

అసలేం రాశావయ్యా అని కరీంకి ఫోన్ చేశాం. అతను ఒక్కో మాటా చదివి వినిపించాడు. ఇంటిముందు షామియానా వేసి ఉన్నది. కుర్చీలు వేసి ఉన్నవి. పాస్టరుగారు వచ్చి ఉన్నారు. ఊరంతా వచ్చినది. చాలామంది కన్నీరు కార్చారు. తల్లిగారు మాట్లాడే స్థితిలో లేరు. అందరూ కలిసి ప్రార్థన చేశారు. తర్వాత భోజనాలు పెట్టారు.

"ఇందులో ఒక్క అక్షరం అబద్ధముందాండీ?" అని అడిగాడు.

ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఎదురు వాదించడానికి ఏమీ దొరకని సందర్భం నా జీవితంలో అదొక్కటే.

విశ్రాంతి లేక పైలట్ పోయాడన్న మాట హెడ్డాఫీసులో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పాకిందట. పోలేదని బాబీ స్వయంగా ఫోన్ చేసి చెప్పేలోపే అసోసియేషన్‌ని చర్చలకి పిలిచారు. పిలిచాక వెనక్కి పొమ్మనలేకపోయారు. ఆ ఇద్దరు కెప్టెన్లూ మళ్లీ ఉద్యోగంలోకి వచ్చారు. కాంట్రాక్టులో విశ్రాంతి గంటలు కొంత సర్దారు, నోటీసు సంగతి మాత్రం అలాగే ఉంచారు. చర్చలు కుదిరింది పూలచక్రం వల్లేనని నేను అనను. అంటే బాబీ ఒప్పుకోడు. మా అయ్యగారు ఉన్నన్నాళ్లు మాత్రం నవ్వి, "అంశం సరిగ్గా చెబితే చాలమ్మా" అనేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ షామియానా, రోడ్డువైపు తిప్పిన ఆ మైకు, ఆ పులుసు వాసన తలుచుకుంటే, నా తెలివితక్కువతనం మీద కూడా నాకు ప్రేమ పుట్టుకొస్తుంది.

పూలచక్రాన్ని మా గేదె తినేసింది. రిబ్బను సంతోషమ్మగారు అడిగి పట్టుకెళ్లి మనవరాలికి జడ వేసింది. ఆ పిల్ల ఏడాదిపాటు ప్రగాఢ సానుభూతితో బడికెళ్లింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా వాళ్లెవరికీ లేని జబ్బు అంటగట్టను. ఉన్న జబ్బు సంగతి కూడా నా నోటితో నేను చెప్పను. ఆ మాట మీదే ఉన్నాను. మొన్నామధ్య కీళ్లు పట్టేసి అడుగు పడకపోయినా చర్చిలో గోడ పట్టుకుని నిలబడి, "నాకేం, నిక్షేపంలా ఉన్నానండీ" అన్నాను.

సంతోషమ్మగారి మనవరాలు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, నన్నొకసారి ఎగాదిగా చూసి ఊరుకుంది.

సాయంత్రానికి బ్రెడ్డు వచ్చేసింది.